పాపకి బ్రిజిడ్ అని పెడితే అమ్మమ్మ పేరు ఏమైనట్టు?



నజ్రాన్‌లో మా ప్రసూతి వార్డులో పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక పట్టీ కడతాం. దాని మీద బిడ్డ పేరుండదు, తల్లి పేరుంటుంది. 'ఫలానా ఆమె కూతురు' అని. వాళ్ళ ఇంట్లో పేరు పెట్టేదాకా ఆ పిల్లకి తల్లి పేరే పేరు. పదకొండేళ్ళుగా ఈ పట్టీలు కడుతూనే ఉన్నా గానీ, పేరంటే ఏమిటో కూర్చుని ఆలోచించింది లేదు. మొన్న మా చెల్లి ఫోన్ చేసేదాకా.

చెల్లి నాలుగేళ్ళు ఇక్కడే నాతోపాటు నర్సుగా చేసి, పరీక్షలు రాసి, ఐర్లండ్ వెళ్ళింది. మనలో చాలామంది పట్టే దారే అది. ఇప్పుడు దానికి ఏడో నెల. ఆడపిల్లని అక్కడ ముందే చెప్పారు. "అక్కా, దీనికి పాతకాలపు ఐరిష్ పేరు పెడదామనుకుంటున్నా" అంది. అమ్మ వెంటనే గొడవ. "మనకి పేర్లు కరువయ్యాయా? మీ అమ్మమ్మ ఇంకా బతికే ఉందిగా, ఆవిడ పేరు ఏమైంది?" అని. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అమ్మమ్మ పేరుని మా ఇంట్లో మొదట దాచింది అమ్మే. ఆ సంగతి తర్వాత చెప్తా.

చివరికి పని నా మీద పడింది. "నువ్వు పుస్తకాలు చదువుతావుగా, వెతికి చెప్పు" అన్నారు. రాత్రి డ్యూటీల మధ్య చదివింది మీకోసం ఇక్కడ రాస్తున్నాను. మన గ్రూపులో ఐర్లండ్ వెళ్ళినవాళ్ళు, వెళ్ళబోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, పనికొస్తుంది. వెళ్ళని వాళ్ళకి కూడా పనికొస్తుందనే నా నమ్మకం.

'పెద్ద' అనే పేరు

ముందుగా నన్ను ఆపేసిన సంగతి ఒకటి చెప్తాను. మధ్యయుగం చివర్లో ఐర్లండ్‌లో ఆడపిల్లలకి అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన పేరు 'మోర్'. ఆ మాటకి అర్థం పెద్దది, గొప్పది. అంటే మన పెద్దమ్మ, పెద్దక్క లాంటిదే. ఇప్పుడు ఆ దేశమంతా తిరిగినా మోర్ అనే చిన్నపిల్ల కనిపించడం కష్టం. ఊరూరా ఉన్న పేరు ఎలా మాయమైంది?

ఇంకో పోలిక చూడండి. ఐర్లండ్ పల్లెల్లో పాత పద్ధతి ప్రకారం మొదటి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు, రెండో పిల్లకి తండ్రి తల్లి పేరు పెట్టేవారు. మన దగ్గరా అంతే కదా, అమ్మమ్మ పేరో, నానమ్మ పేరో. కాకపోతే మన కోడళ్ళకి ఒక ఇబ్బంది. అత్తగారి పేరున్న పిల్లని ఆ పేరుతో కేకేయలేరు, తిట్టలేరు. అందుకే బుజ్జి, చిట్టి, పాప అని పిలుస్తూ అసలు పేరుని బీరువాలో పెట్టేస్తాం. ఆ బీరువాలోనే కొన్ని పేర్లు చచ్చిపోతాయి.

పేరు ముసలిదవదు, పక్కకి నెట్టేస్తారు

పేర్లు వయసైపోయి పాతబడతాయని నేననుకునేదాన్ని. ఐర్లండ్ చరిత్ర చదివాక అది తప్పని తెలిసింది.

1601లో కిన్‌సేల్ దగ్గర ఐరిష్ దొరలు ఓడిపోయారు. తర్వాత భూమి పోయింది, అధికారం పోయింది, కోర్టూ కచేరీ అంతా ఇంగ్లీషయింది. 1831లో ప్రభుత్వ పాఠశాలలు పెట్టారు, చదువంతా ఇంగ్లీషులోనే. ఐరిష్ మాట్లాడిన పిల్లల మెడలో కర్ర ముక్క కట్టి, మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టే పద్ధతి చాలా ఊళ్ళలో ఉండేది. ఇందులో ఇంటివాళ్ళు కూడా సాయం పట్టేవారు, ఇంగ్లీషొస్తేనే పిల్లలు బతుకుతారని. తల్లిదండ్రుల్ని తప్పు పట్టాలంటే నాకు నోరు రాలేదు. మనమూ అదే కారణంతో పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేశాం.

1864 నుంచి పుట్టిన పిల్లలందర్నీ రిజిస్టర్‌లో రాయడం మొదలైంది. రాసే గుమాస్తాకి ఐరిష్ పేరు రాయడం చేతకాదు, లేదా ఇష్టం లేదు. దగ్గరగా ఉన్న ఇంగ్లీషు పేరేదో వేసేసేవాడు. చర్చి రిజిస్టర్లలో అంతకుముందు నుంచే ఇది జరుగుతోంది. గొబ్నిట్ అనే పిల్ల అబిగైల్ అయింది, ఒక్కోచోట డెబోరా అయింది. ఊనా పోయి ఆగ్నెస్, వినిఫ్రెడ్. సైవ్ పోయి శాలీ. గ్రాన్యా పోయి గ్రేస్. వీటిలో చాలా జంటలకి అర్థంలో పొంతన లేదు, శబ్దంలోనూ అంతంత మాత్రమే. 1593లో గ్రీనిచ్ రాజభవనంలో ఎలిజబెత్ రాణి ఎదుట నిలబడి మాట్లాడిన సముద్ర నాయకురాలు గ్రాన్యా నీ వాలియాని కూడా ఇంగ్లీషు పుస్తకాలు గ్రేస్ ఓ'మాలీ అనే రాశాయి. అంతటి ఆవిడకే తప్పలేదు, మామూలు ఇంటి పిల్లల మాటేమిటి?

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు పెట్టిన పేరు పెద్దింట్లమ్మ. అమ్మమ్మ పేరే. మాది కొల్లేటి పక్క ఊరు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి పేరు మా వైపు ఇంటికొకరికి ఉండేది. నన్ను బడిలో వేసినప్పుడు మాస్టారు పేరడిగితే, అమ్మ ఒక్క క్షణం ఆగి "పద్మ అని రాయండి" అందట. పిల్లలు ఎగతాళి చేస్తారని. సౌదీ వచ్చాక ఇంకొకటి జరిగింది. అరబ్బీలో 'ప' అక్షరం లేదు, 'బ' రాస్తారు. నా ఇకామా మీద నేను బద్మా. పెద్దింట్లమ్మ, పద్మ, బద్మా. గొబ్నిట్ అబిగైల్ అయిన కథ నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

'బిడ్డీ' అని పిలిచిన అమెరికా దొరసానులు

1845 నుంచి 1852 వరకు బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఐర్లండ్‌లో ఘోరమైన కరువు. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షలకి పైగా ఓడలెక్కారు. ఆ తర్వాత కూడా వలస ఆగలేదు. అందులో మనం గమనించాల్సింది ఏమిటంటే, పెళ్ళికాని ఆడపిల్లలు ఒంటరిగా, మగవాళ్ళతో సమానమైన సంఖ్యలో వెళ్ళారు. యూరప్‌లో మిగతా దేశాల నుంచి అలా వెళ్ళలేదు. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్ తెరిచినప్పుడు మొట్టమొదట లోపలికి నడిచింది ఒక ఐరిష్ పిల్లే, కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్. ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది.

ఈ పిల్లల్లో ఎక్కువమంది బోస్టన్, న్యూయార్క్ ఇళ్ళలో వంటకి, అంట్లకి, పిల్లల్ని చూడ్డానికి కుదిరారు. జీతంలో తాము ఉంచుకున్నది కొంచెం, ఇంటికి పంపింది ఎక్కువ. ఆ డబ్బుతో ఇంటి అద్దె కట్టారు, వెనకున్న చెల్లెలికి టికెట్ కొన్నారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ ఇళ్ళకి వచ్చిన మన అక్కల కథ ఇదే కదా.

ఆ పనిపిల్లల్లో చాలామంది పేరు బ్రిజెట్, ఐరిష్ బ్రిజిడ్‌కి ఇంగ్లీషు రూపం. దాంతో దొరసానులు పనిచేసే ఐరిష్ పిల్ల ఎవరైనా సరే 'బ్రిజెట్' అనో, 'బిడ్డీ' అనో పిలవడం మొదలుపెట్టారు. పత్రికల్లో 'బిడ్డీ' అంటే పళ్ళేలు పగలగొట్టే మొరటు మనిషి బొమ్మ. మన దగ్గర 'ఖద్దామా' అన్న మాట ఎలా మనిషి పేరుని మింగేసిందో అలా. నాకు తెలిసిన ఒక అక్క తొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో పనిచేసి వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళకి ఆమె అసలు పేరు వెళ్ళే రోజు పాస్‌పోర్టులో చూశాకే తెలిసింది.

ఫలితం ఏమైంది? బ్రిజెట్ అనే పేరున్నవాళ్ళు డీలియా అనో, బెర్తా అనో మార్చుకున్నారు. ఇంటి దగ్గర తల్లులు కూడా ఆ పేరు పెట్టడం తగ్గించేశారు. ఒక దేశం మొత్తం గౌరవించిన పేరు, పనిమనిషి పేరుగా మారి పక్కకి పోయింది.

చెల్లి చూసే వార్డులో ఒక ముసలావిడ ఉందట. ఆమె కూడా నర్సే. ఇరవై ఏళ్ళ వయసులో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళిందట. ఆ రోజుల్లో ఐర్లండ్ ఆడపిల్లలు వేలమంది అక్కడి ఆసుపత్రుల్లో చేరారు. పేరడిగితే 'బ్రిజెట్' అనడానికి సిగ్గుపడి 'బ్రెండా' అని చెప్పిందట. నలభై ఏళ్ళు బ్రెండాగానే బతికి, రిటైరై ఇంటికొచ్చాక మళ్ళీ బ్రిజెట్ అయింది. చెల్లి బొడ్డు మీద చెయ్యేసి, "నా పేరు పెట్టమని అడగను గానీ, పెట్టే పేరు దాచుకోవాల్సిన అవసరం లేకుండా చూడు" అందట. చెల్లికి ఈ పేరు పిచ్చి పట్టింది అప్పట్నుంచే.

మళ్ళీ బయటికి తీసినవాళ్ళు

1893లో డబ్లిన్‌లో గేలిక్ లీగ్ పుట్టింది. భాష నేర్పడం, పాటలు సేకరించడం, పేర్లు మళ్ళీ ఐరిష్‌లో రాసుకోవడం. 1900లో మాడ్ గాన్ మొదలుపెట్టిన స్త్రీల సంఘం బ్రిజిడ్‌నే తమ ఆదర్శంగా పెట్టుకుంది. 1916 తిరుగుబాటులో తుపాకీ పట్టిన కాన్‌స్టన్స్ మార్కీవిచ్, 1901లో పుట్టిన తన కూతురికి పురాణాల రాణి పేరు పెట్టింది, మేవ్ అని. పట్నం వాళ్ళు, చదువుకున్నవాళ్ళు మొదలుపెట్టారు. తర్వాత ఊళ్ళు అందుకున్నాయి.

ఆ రోజుల్లో మన తెలుగువాడు ఒకాయన డబ్లిన్‌లో ఉన్నాడు. బరంపురం వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి వెళ్ళి, 1916లో తిరిగొచ్చారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. అటు నుంచి ఇటు వచ్చిన ఆవిడ కూడా ఒకరున్నారు. రాస్‌కామన్ కౌంటీ బాయిల్ ఊరి అమ్మాయి మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్‌లో ఆడవాళ్ళ ఓటు కోసం జైలుకెళ్ళి, 1915లో భర్తతో ఇండియా వచ్చారు. 1919లో టాగూర్ మన మదనపల్లెకి వచ్చినప్పుడు 'జనగణమన' బాణీకి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. మార్గరెట్ అనే పేరుకి ఐరిష్ రూపం 'మరేడ్'. వింటే మన మారేడు చెట్టు గుర్తొస్తుంది. అర్థం మాత్రం ముత్యం. అంటే మన ముత్యాలమ్మే.

మన చెవికి ఎలా వినబడతాయి?

ఇక అసలు పనికొద్దాం. ఐరిష్ పేర్లు రాసేది ఒకటి, పలికేది ఒకటి. చెల్లి పంపిన జాబితాని నేను అమ్మమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆవిడ తీర్పులు కూడా కలిపి ఇస్తున్నాను.

నీవ్: ఎన్, ఐ, ఎ, ఎం, హెచ్ అని రాస్తారు. చివరి రెండూ కలిసి 'వ' శబ్దం. అర్థం వెలుగు. "నీవు ఎవరే అంటే నేను నీవ్ అంటుందా?" అని అమ్మమ్మ పగలబడి నవ్వింది. ఈ పేరు వెనక కథ మాత్రం మనలాంటి వాళ్ళని ఏడిపిస్తుంది. నీవ్ అనే అందగత్తె ఒషీన్ అనే వీరుణ్ణి ముసలితనం లేని దేశానికి తీసుకెళుతుంది. మూడేళ్ళు అనుకుంటాడు. ఇంటికి బెంగపెట్టుకుని వచ్చి చూస్తే ఇక్కడ మూడు వందల ఏళ్ళు గడిచాయి, తనవాళ్ళెవరూ లేరు. గుర్రం మీంచి జారి నేల తాకగానే తానూ ముసలివాడైపోతాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరెళ్ళి, గుమ్మంలో అమ్మ జుట్టు చూసినప్పుడు మనకి కలిగేది అదే.

నోరా: హొనోరా నుంచి వచ్చింది, అర్థం గౌరవం. కార్క్‌లో ఆడపిల్లలకి బడులు పెట్టిన నానో నేగల్ పేరులోని 'నానో' కూడా హొనోరాకి ముద్దుపేరే. ఆవిడ స్థాపించిన ప్రెజెంటేషన్ సిస్టర్లు 1842లో మద్రాసు వచ్చారు. చర్చ్ పార్క్ కాన్వెంట్ వాళ్ళదే. అమ్మమ్మ మాత్రం "నోరా, వీపుకు తేకే" అని సామెత అందుకుంది. నోరా కొట్టేశాం.

ఊనా: పలకడానికి తేలిక. కానీ మనకి ఊనం అంటే లోపం. వద్దు.

ఈడ: లిమరిక్ వైపు పూజించే 6వ శతాబ్దపు సాధ్వి. "ఈడ ఎక్కడుంది? ఈడే ఉంది" అని రాయలసీమ అల్లుడు మొదటి రోజే మొదలుపెడతాడు.

గొబ్నిట్: తేనెటీగల్ని కాచే తల్లి. పేరు 'కమ్మరి' అన్న మాట నుంచి వచ్చింది. అమ్మమ్మకి బాగా నచ్చింది, గొబ్బెమ్మలా ఉందని. చెల్లికి నచ్చలేదు. అక్కడి పిల్లలే నవ్వుతారట.

షీలా: ఐరిష్ షీలా వేరు, సంస్కృతం శీల వేరు. చెవికి మాత్రం ఒకటే. రెండు చోట్లా ఇబ్బంది లేని పేరు కావాలంటే ఇదీ, తారా కూడా బాగుంటాయి. తారా అక్కడ పాత రాజుల కొండ, మనకి చుక్క.

మేవ్: అర్థం 'మత్తెక్కించేది'. తేనెతో చేసే మద్యాన్ని చెప్పే పాత మాట నుంచి వచ్చింది. ఆ మాటా, మన 'మధు' అన్న మాటా ఒకే తల్లి పిల్లలు.

ఇలాంటిదే ఇంకొకటి తెలిశాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్రిజిడ్ అంటే ఎవరు?

బ్రిజిడ్ అన్న మాటకి మూలం 'ఉన్నతమైనది, గొప్పది'. అదే మూలం నుంచి సంస్కృతంలో వచ్చిన మాట 'బృహతి'. పోలిక కాదు, నిజమైన చుట్టరికం. భాషా శాస్త్రవేత్తలు ఒప్పుకున్నదే.

క్రైస్తవం రాకముందు బ్రిజిడ్ దేవత. సుమారు 900 ప్రాంతంలో రాసిన పాత నిఘంటువు ఒకటి ఆమెని కవుల దేవత అంటుంది. వైద్యానికి ఒకరు, కమ్మరంలో ఒకరు, అదే పేరుతో ఇద్దరు చెల్లెళ్ళు. తర్వాత 5వ, 6వ శతాబ్దాల్లో కిల్డేర్‌లో మఠం పెట్టిన సాధ్వి పేరూ అదే. ఆమె పండగ ఫిబ్రవరి 1, వాళ్ళకి వసంతం మొదలు. ఆ రోజు తుంగతో శిలువ అల్లి గుమ్మానికి కడతారు. ఆడపిల్లలు గడ్డి బొమ్మని పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు రాత్రి ఒక గుడ్డ ముక్కని బయట ఆరేసి, దాన్ని ఏడాదంతా దాచి, పురుడు కష్టమైనప్పుడు తల్లి మీద కప్పేవారు. 2023 నుంచి ఆ దేశంలో ఆమె పేరు మీద సెలవు ఇస్తున్నారు. ఒక స్త్రీ పేరు మీద వాళ్ళు ఇచ్చిన మొదటి జాతీయ సెలవు అది. 'బిడ్డీ' అని వెక్కిరించిన పేరే.

పాడిపశువుల్ని కాచే తల్లి, పురుడు పోసే తల్లి, తుంగ అల్లిక, నీటి బావులు. కొల్లేటి ఒడ్డున పుట్టి, తుంగ చాప మీద పెరిగినదానికి ఇది ఎవరి వర్ణనలా అనిపిస్తుందో మీరే చెప్పండి. బ్రిజిడ్ అంటే గొప్ప ఆవిడ, పెద్ద ఆవిడ. పెద్దింట్లమ్మ.

రాసి పెడితేనే నిలిచేది

నజ్రాన్‌కి ఉత్తరాన ఎడారిలో హిమా అనే చోటుంది. పాత ఒంటె బిడారుల దారిలో నీటి బావులున్న చోటు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కొండ రాళ్ళ నిండా బొమ్మలు, రాతలు. ఎన్నో లిపులు. నీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు వందల ఏళ్ళపాటు తమ పేర్లు చెక్కి వెళ్ళారు. ఐర్లండ్‌లోనూ 'ఒగమ్' అనే గీతల లిపిలో రాళ్ళ మీద పేర్లున్నాయి. దాదాపు అన్నీ మగవాళ్ళవే. మన నాగార్జునకొండ నయం. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు చెల్లెలు చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి తామిచ్చిన దానాలతోపాటు తమ పేర్లు రాయించుకున్నారు. అందుకే ఈ రోజు మనం ఆ పేర్లు పలకగలుగుతున్నాం.

ఇదంతా చెప్పి చెల్లితో ఒకటే అన్నాను. "ఐరిష్ పేరు పెట్టు, తప్పు లేదు. ఆ దేశం పిల్లకి ఇల్లవుతుంది, ఆ ఇంటి పెద్దావిడ పేరు పెట్టడం మర్యాదే. కానీ వాళ్ళ అమ్మమ్మల పేరు గొప్పదని పెట్టి, మన అమ్మమ్మ పేరు నామోషీ అని దాచామనుకో, ఆ బ్రెండా చేసిందే మనం చేసినట్టు." చెల్లి రెండూ పెడతానంది. మొదట బ్రిజిడ్, తర్వాత పెద్దింట్లమ్మ. పొట్టి చేయకుండా, ఒక్క అక్షరం తగ్గకుండా.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "పెద్దయ్యాక పిల్ల నన్నే తిడుతుంది" అంటోంది. అమ్మ భయం ఉత్తది కాదు. ఎగతాళి ఎలా ఉంటుందో ఆమె చూసింది కాబట్టే ఆ రోజు బడిలో ఆగింది. అమ్మమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "అదీ పెద్దమ్మే, ఇదీ పెద్దమ్మే అయితే రెండెందుకే? ఒక్కటి చాలదూ? మీకు నోరు తిరిగేది ఉంచండి." కాసేపాగి, గొంతు తగ్గించి, "నాది రాసినా మంచిదే" అంది.

అక్కడ బిడ్డ పుట్టిన మూడు నెలల్లోపు రిజిస్టర్ చేయించాలి. మా ఇంట్లో ఈ పంచాయితీ తేలడానికి అప్పటిదాకా టైముంది. పేరు వెతికే పనిలో ఉన్న అక్కచెల్లెళ్ళకి నేను నేర్చుకున్నది మూడు ముక్కల్లో చెప్తా. పేరుని కాగితం మీద చూసి ఎంచుకోకండి, ఆ దేశం మనిషి నోటితో ఒకసారి, మీ అమ్మమ్మ నోటితో ఒకసారి పలికించి వినండి. ఆ పేరు ఎందుకు పాతబడిందో అడగండి, ఎవరో ఒకరు నవ్వి ఉంటారు. మీ ఇంట్లో అలా పక్కకి పోయిన పేరేదో కూడా అడగండి.

ఈ వారం ఫోన్ చేసినప్పుడు మీ అమ్మమ్మ, నానమ్మల పూర్తి పేరు, ఎందుకు పెట్టారో కనుక్కుని గ్రూపులో రాయండి. అచ్చమ్మ, పుల్లమ్మ, రత్తమ్మ, నాంచారమ్మ, ఏదైనా సరే. పూర్తిగా రాయండి. నాతోనే మొదలుపెడుతున్నాను.

మీ పెద్దింట్లమ్మ
(వార్డులో బద్మా, మీకు పద్మ)
నజ్రాన్